ఇంటర్నెట్టుకూ ఓ పోపులడబ్బా

పోపు వేసినప్పుడల్లా ఆవాల కోసం అంగడికి పరుగెత్తం కదా. డబ్బాలో నిలవ ఉంచుకుంటాం. కాషింగ్ ప్రాక్సీ చేసే పనీ అదే.

మా ఇంట్లో మూడు కంప్యూటర్లు, మూడూ ఉబుంటుతో నడిచేవే. ఒకే అప్‌డేటును మూడూ విడివిడిగా దింపుకోవడంతో నెల తిరక్కుండానే డేటా అయిపోయేది. ఓసారి పరీక్షల ముందు మా అమ్మాయి ఆన్‌లైను పాఠం మధ్యలోనే ఆగిపోయింది, పాపం!

అబ్బాయి చెబుతుంటే నేనే ఒకదానిలో ఆప్ట్ కాషర్ ఎన్‌జీ అనే ఉచిత ప్రోగ్రాము పెట్టాను. దాని చిరునామా, 3142 అనే పోర్టు నంబరు మిగతా రెండింటికీ ఇచ్చాను. ఇప్పుడు ఒకటి తెప్పించుకున్నదే అన్నీ పంచుకుంటాయి. అయితే ఆ కంప్యూటరు ఆన్‌లో ఉండాలి సుమండీ!

ఒక్కమాట: తాళం వేసినట్టు భద్రంగా వచ్చే బ్యాంకు పేజీలు, వీడియోలు ఈ డబ్బాలో నిలవుండవు. వాటి ఖర్చూ తగ్గుతుందని ఆశపడకండి.