గడప దాటి కాలువ మీదికి!
అంగడికి మెట్టు - ఇంటికి ముంపు: నడుమ కౌన్సిల్

కడప బండకు దూరప్రాంతాలలోనూ గిరాకీ ఉంది. వంటింటి గట్టు మొదలు అలమరా అరల దాకా అది లేని ఇల్లు అరుదు. అయితే పుట్టినింట ఆ బండ మరో పని కూడా చేస్తోంది. అంగడి ముందరి మురుగు కాలువ మీద అడ్డంగా పడి మెట్టుగా మారుతోంది.

మొదట ఒక్క బండే. ముసలివారు, పిల్లలు కాలువ దాటి రావాలి కదా అని వేస్తారు. ఏడాది తిరిగేసరికి దాని పక్కన ఇంకో రెండు చేరతాయి. బండల మీద బల్ల, బల్ల మీద సరుకు, సరుకు మీద రేకుల పందిరి. చివరికి అంగడి గడప కాలువ దాటి రోడ్డు మీదికి వస్తుంది. పారిశుధ్య కార్మికులు పారతో ఎత్తగలిగింది బండకూ బండకూ మధ్య సందులోని పూడిక మాత్రమే. బండ కింద ఉన్నది అక్కడే ఉండిపోతుంది. గట్టి వాన పడిన రోజున ఆ నీరు దారి వెతుక్కుంటూ వెనుక వీధి పల్లానికి పోతుంది. అక్కడ ఉండేవి ఇండ్లు.

అంగడి వారు అర్జీ పెడతారు. ఇంటివారూ పెడతారు. రెండు అర్జీలూ చేరేది ఒక్క చోటికే. అది పురపాలక సంఘం. కర్నూలుకు 1866లో, కడపకు 1868లో పురపాలక సంఘాలు ఏర్పడ్డాయి. కర్నూలు 1994లో, కడప 2004లో నగరపాలక సంస్థలయ్యాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం కర్నూలు నగరంలో నాలుగు లక్షల మందికి పైగా, కడపలో మూడు లక్షల మందికి పైగా ఉన్నారు. పేరు మారింది, ఊరు పెరిగింది. కాలువ మీది బండ తగాదా మాత్రం తెగలేదు.

ఎండిన వంక ఖాళీ స్థలమా?

వీధి కాలువకు పట్టిన గతే ఊరి వంకకూ పట్టింది. కడప పట్టణం నడుమ నుంచి పోయే బుగ్గవంక ఇందుకు పెద్ద సాక్ష్యం. దక్షిణాన పాలకొండల నీటిని దించుకుని, ఊరు దాటి, పెన్నలో కలిసే వంక ఇది. ఊరికి ఎగువన చింతకొమ్మదిన్నె మండలంలో దీని మీద జలాశయం ఉంది.

కరువు సీమలో వంక ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉంటుంది. రెండేళ్ళు నీరు రాకపోతే జనం దాన్ని మరిచిపోతారు. ఐదేళ్ళు రాకపోతే అది వంకలా కనిపించదు, ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. ఊరి మధ్య ఖాళీ స్థలం కనిపిస్తే ఊరుకునేదెవరు? ఒడ్డున ముళ్ళ కంచె పడుతుంది. కంచె గోడ అవుతుంది. గోడ వెనుక మిద్దె లేస్తుంది. మిద్దె ముందు అంగడి వెలుస్తుంది. కరెంటు మీటరు, కుళాయి, ఇంటి పన్ను రసీదు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. పన్ను కట్టినంత మాత్రాన స్థలం మీద హక్కు రాదని చట్టం తెలిసినవారు చెబుతారు. కాయకష్టం చేసి దాచిన డబ్బుతో కొన్నవాడికి మాత్రం ఆ రసీదే ధైర్యం.

2001లో బుగ్గవంక తన దారి తాను వెతుక్కుంటూ వచ్చింది. తుపాను వానలకు వచ్చిన వరద కడప పట్టణాన్ని ముంచింది. ప్రాణాలు పోయాయి. ఆ తరువాత వంకకు ఇరువైపులా రక్షణ గోడల పని చేపట్టారు. ఆ పని ఏళ్ళ తరబడి సాగింది. 2020 నవంబరులో నివర్ తుపానుకు వంక మళ్ళీ పొంగింది. ఒడ్డున ఉన్న పేటల్లో ఇండ్లలోకి, అంగళ్ళలోకి నీరు చొరబడింది. నీటిలో నానిన బియ్యం మూటలు, పిల్లల పుస్తకాలు, కుట్టు మిషన్లు వీధిలో ఎండబెట్టుకున్నవారికి ఆ తుపాను పేరు ఇంకా గుర్తుంది.

రెండు వరదల మధ్య పందొమ్మిదేళ్ళు. వంకకు అది పెద్ద కాలం కాదు. కౌన్సిల్‌కు మాత్రం దాదాపు నాలుగు పదవీకాలాలంత నిడివి. చిక్కంతా ఇక్కడే ఉంది. అనుమతి ఇచ్చిన కౌన్సిల్ ఒకటి, చూసీ చూడనట్లు ఊరుకున్న అధికారి మరొకరు, ముంపు నాడు సమాధానం చెప్పవలసినవారు ఇంకొకరు.

కందనవోలు నేర్చిన పాఠం

కర్నూలు కథ కూడా నీటి ఒడ్డునే మొదలయింది. ఆలంపురం గుడికి రాళ్ళు తోలే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన వేసుకునేవట. అందుకే కందనవోలు అన్న పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. బండ్లు ఆగిన చోట బేరం, బేరం ఉన్న చోట బజారు, బజారు పక్కన ఇండ్లు. ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ. రెండూ కలిసే చోట ఊరు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. కార్యాలయాలకు భవనాలు చాలక డేరాలు వేశారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది. రాజధాని పోయినా ఊరు పెరగడం ఆగలేదు. పెరిగే ఊరికి నేల కావాలి. హంద్రీ ఒడ్డు, కాలువ కట్టలు కంటికి ఆనాయి.

2009 అక్టోబరు 2, గాంధీ జయంతి. తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఆ రోజుల్లో శ్రీశైలం జలాశయానికి వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. పాత నగరంలో అంగళ్ళు పైకప్పుల దాకా మునిగాయి. జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అంత వరదకు ఆక్రమణలు ఒక్కటే కారణం అనడం న్యాయం కాదు. అలాంటి ప్రవాహం ఏ ఊరి మీదికి వచ్చినా ముంచేదే. కానీ నది తగ్గిన తరువాత కూడా నీరు వీధుల్లో నిలిచిపోతే దానికి నదిని తప్పు పట్టలేము. దిగి పోవలసిన దారులు పూడి ఉంటే నీరు ఎటు పోతుంది?

ఆ వరద ఒక సంగతి తేటతెల్లం చేసింది. టోకు వర్తకుడి గోదాము, కూలివాడి గుడిసె రెండూ ఒకే నీటిలో మునిగాయి. అంగడికీ ఇంటికీ మధ్య తగాదా అనుకున్నది నిజానికి తగాదా కాదు. ఇద్దరిదీ ఒకటే ముంపు.

వర్తకుల గోడు

ఇలా అన్నామని నేరమంతా వర్తకుల మీద మోపితే అదీ తప్పే. వారి గోడు వారికుంది. ట్రేడ్ లైసెన్సు రుసుము కడతారు, ఆస్తి పన్ను కడతారు. బజారుకు వచ్చినవారు బండి నిలుపుకోవడానికి చోటుండదు. రోడ్డు వెడల్పు చేస్తామని గోడల మీద ఎర్ర గీతలు గీసి పోతారు. ఆ పని ఏటికేడు వాయిదా పడుతుంది. గీత పడిన అంగడిని అమ్మబోతే కొనేవాడుండడు, బాగు చేయించుకుందామంటే ధైర్యం చాలదు.

తోపుడు బండ్ల వారిది ఇంకో కష్టం. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు జీవించే హక్కులో బతుకుతెరువు కూడా ఇమిడి ఉందని చెప్పింది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలనీ, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలనీ నిర్దేశించింది. చోటు చూపకుండా బండిని తోసివేయడం చట్టం మెచ్చే పని కాదు.

ఇక కాపురం ఉండేవారి బాధ. ఇండ్ల మధ్య కల్యాణ మండపం, దాని వెనుక జనరేటరు, పక్క సందులో బండలు కోసే మిషను, ఎదురుగా వెల్డింగు షాపు. పగలు రాతి దుమ్ము, రాత్రి బాజా. పరీక్షలకు చదివే పిల్లలకు, మంచాన పడిన పెద్దలకు నిద్ర లేదు. లేఅవుటు వేసిన నాడు పార్కు కోసం చూపించిన స్థలం పదేళ్ళకు ప్లాట్లయిపోయిందన్న ఫిర్యాదు ఏ పేటలో అడిగినా వినిపిస్తుంది.

చట్టంలో ఉన్నది

నిబంధనలు లేక కాదు. 2012లో ప్రభుత్వం 168వ నంబరు జీ.వో. ద్వారా తెచ్చిన భవన నిర్మాణ నిబంధనలు లెక్కలతో సహా చెప్పాయి. నది అంచు నుంచి పట్టణ పరిధిలో 50 మీటర్లు, పరిధి వెలుపల 100 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించిన వెడల్పు గల వాగుకు, కాలువకు 9 మీటర్లు వదలాలి. అంతకన్న చిన్న కాలువకైనా 2 మీటర్లు వదలాలి. బుగ్గవంకకు గానీ హంద్రీకి గానీ ఇంతకంటే సులువైన కొలబద్ద అక్కర్లేదు. టేపు పట్టుకుని కొలిచేవారు ఉంటే చాలు.

మరో వైపు అనుమతి లేకుండా కట్టిన వాటిని రుసుము తీసుకుని క్రమబద్ధం చేసే పథకం 2007లో వచ్చింది. తరువాతా మళ్ళీ మళ్ళీ వచ్చింది. నిబంధన ప్రకారం కట్టినవాడు మూడడుగులు వదిలి నష్టపోయాడు. వదలనివాడు రుసుము కట్టి బయటపడ్డాడు. ఇది చూసిన మూడోవాడు ఏం నేర్చుకుంటాడో వేరే చెప్పాలా?

కూల్చివేతలకూ ఒక పద్ధతి ఉంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం పదిహేను రోజుల నోటీసు లేనిదే ఇల్లు కూల్చరాదు. రోడ్డు, కాలిబాట, నది వంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకు మాత్రం ఆ రక్షణ వర్తించదు. చట్టం ఇలా ఉన్నప్పుడు వంక ఒడ్డు పేదవాడికి తెలియకుండా స్థలం అంటగట్టినవాడు తప్పించుకుంటాడు. కొన్నవాడు వీధిన పడతాడు. కట్టిన తరువాత కూల్చడం కన్న కట్టక ముందు ఆపడమే దయ.

కౌన్సిల్ చేతిలో ఏముంది?

ప్లాన్ల అనుమతులు కమిషనరు, పట్టణ ప్రణాళిక విభాగం చూసుకుంటారు. వాటిలో చాలా భాగం ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే సాగుతున్నాయి. పట్టణాభివృద్ధి సంస్థలు కూడా వచ్చాయి. అయితే కౌన్సిల్ చేతిలో ఏమీ లేదనడం సరికాదు. కాలువల మరమ్మతుకు బడ్జెట్ ఇచ్చేది కౌన్సిల్. మునిసిపల్ గదుల లీజులు, మార్కెట్ల వేలం, రోడ్ల వెడల్పు తీర్మానాలు వచ్చేది అక్కడికే. నివాస ప్రాంతాన్ని వాణిజ్య ప్రాంతంగా మార్చాలన్నప్పుడు ప్రభుత్వం కౌన్సిల్ అభిప్రాయం అడగడం పరిపాటి. చేతులెత్తి, బల్లలు చరిచి, నిమిషంలో ఆమోదించిన అంశం ఒక వీధి ముఖాన్నే మార్చివేస్తుంది.

అసలు కౌన్సిలే లేకపోతే? 2014లో రాష్ట్రమంతటా పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు కడపకు పాలకవర్గం వచ్చింది, కర్నూలుకు రాలేదు. కర్నూలు ఓటర్లు 2021 మార్చి దాకా వేచి ఉన్నారు. అన్నేళ్ళు ప్రత్యేకాధికారుల పాలనే. అధికారి ఎంత సమర్థుడైనా బదిలీపై పోతాడు. వాన పడిన రాత్రి తలుపు తట్టడానికి వార్డు సభ్యుడే కావాలి.

ఏం చేయాలి?

కోట్ల రూపాయల పథకాలకు ముందు చేయగల చిన్న పనులున్నాయి. వంక, హంద్రీ, పెద్ద కాలువల హద్దులు సర్వే చేసి కనిపించేలా రాళ్ళు పాతాలి. ఆ రాళ్ళకు లోపలి సర్వే నంబర్ల పట్టిక వార్డు సచివాలయం గోడ మీద అంటించాలి. అది చూసిన తరువాత అక్కడ సెంటు స్థలం ఎవరూ కొనరు. భూమి వినియోగం మార్పు కోరే ప్రతి అంశాన్నీ కౌన్సిల్ సమావేశానికి ముందే ఆ వీధి వారికి తెలుగులో తెలియజేయాలి. పత్రికలో ఒక మూల పడే ప్రకటన ఎందరు చదువుతారు?

ఇక బండల సంగతి. అంగడి ముందు మెట్టు అవసరమే. దాన్ని కాలువకు తాపడం చేయకుండా, ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టగల జాలీ మూత వేయించవచ్చు. వానాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి అంగడి వారే మూత తెరిచి ఇవ్వాలని కౌన్సిల్ తీర్మానం చేయవచ్చు. ఖర్చు తక్కువ. వర్తకుడికి మెట్టు ఉంటుంది, కాలువకు దారి ఉంటుంది, వెనుక వీధిలో పొయ్యి ఆరకుండా ఉంటుంది.

తిరుమల వెంకన్న దర్శనానికి పోయేవారికి ఈ ఊరు గడప అని, అందుకే కడప అయిందని అంటారు. గడప ఉన్న చోట ఉంటేనే ఇంటికి అందం. ఎండిన వంక ఈ ఏడు నోరెత్తకపోవచ్చు. వచ్చే ఏడూ ఊరుకోవచ్చు. కొత్తగా వచ్చే కౌన్సిలర్లు ప్రమాణ స్వీకారానికి ముందు ఒక్కసారి బుగ్గవంక ఒడ్డున, హంద్రీ ఒడ్డున ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి చూస్తే మేలు. ఏ గోడ ఎవరిదో, ఏ అర్జీ ఎందుకు వచ్చిందో వారికి అజెండా కాగితం అక్కర్లేకుండానే అర్థమవుతుంది.