వార్తల్లో పదం: టెలి మానస్

మనోవ్యథకు లోనైనవారికి దూరవాణి ద్వారా ఉచితముగా సలహాయు, అవసరమైనచో వైద్యసహాయమును లభించునట్లు కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమున, నెలకొల్పిన సేవయే టెలి మానస్.

దీని ఆవశ్యకత ఉద్దానమును ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ప్రాంతమున, అనగా కవిటి, సోంపేట, కంచిలి పరిసరముల పల్లెలను, కారణమింకను నిశ్చయముగా తేలని మూత్రపిండవ్యాధి దశాబ్దములుగా పీడించుచుండగా, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అచ్చటివారి జీవనాధారమగు కొబ్బరి, జీడితోటలను నేలగూల్చినది. ఆ మరుసటి నెలలోనే, గుజరాతు తీరమునకు వేటకై వలసపోయిన శ్రీకాకుళ, విజయనగర మత్స్యకారులు పాకిస్తానునకు చిక్కి, 2020 జనవరి వరకు చెరనుండిరి. అట్టి యిండ్లలో దుఃఖము సహజమే. కాని అది రెండు వారములు దాటియు విడువక, నిద్రను, ఆకలిని, పనియందలి ఆసక్తిని హరించి, బ్రతుకు వ్యర్థమను తలంపును పాదుకొల్పినచో, దానిని కుంగుబాటు అను రోగముగా గుర్తింపవలెను. గుండెనిబ్బరము లేదని రోగిని నిందించుట ఘోరమైన అన్యాయము.

సంభాషణచికిత్సతోను, ఔషధములతోను ఇది నయమగును; మందులు పనిచేయుటకు కొన్ని వారములు పట్టును గనుక, గుణము కనబడలేదని నడుమ మానరాదు. ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్రమైన మానసిక ఒత్తిడికి లోనైనవారిగానే భావింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. ఉద్దానపు రోగులకై పలాసలో 2023 డిసెంబరున 200 పడకల మూత్రపిండ వైద్యశాల వెలసినది. దేహమునకు దక్కిన ఆ ఆదరణ మనస్సునకును దక్కవలెను.

మీ యింట ఎవరైన చావు మాట ఎత్తినచో తేలికగా కొట్టివేయక, ఒంటరిగా విడువక, టెలి మానస్ సంఖ్య 14416కు ఫోను చేయుడు. రేయింబవళ్లు తెలుగుననే మాటలాడవచ్చును.