నిద్ర పట్టని రాత్రి దయ్యాల సినిమా



నిద్ర పట్టని రాజులు బైబిలులో కనబడతారు. అహష్వేరోషు రాజు నిద్ర రాక, తన రాజ్యపు పాత వృత్తాంతాలు తెప్పించి చదివించుకొన్నాడు. మొర్దెకై చేసిన మేలు ఆ రాత్రే బయటపడింది. దానియేలును సింహాల గుహలో వేయించిన దర్యావేషు రాజైతే ఏ వినోదాన్నీ దగ్గరకు రానియ్యలేదు. తెల్లవార్లూ తన చింతతోనే ఉన్నాడు. ఈ దినాలలో నిద్ర పట్టనివారు ఫోను తీస్తారు. వారిలో కొందరు చూచేది దయ్యాల సినిమా అంటే పెద్దలు నమ్మరు.

ఇది ఫోనుతో పుట్టిన అలవాటు కాదు. అమెరికాలో 1957లో పాత భయానక చిత్రాలు 52 ఒక కట్టగా కట్టి టెలివిజన్ స్టేషన్లకు ఇచ్చారు. స్టేషన్లవారు వాటిని బాగా పొద్దుపోయాక వేసేవారు. పిట్స్‌బర్గ్ పట్టణంలో బిల్ కార్డిల్ అనే ఆయన 1963 నుండి ఇరవై ఏండ్లు, శనివారం రాత్రి ఇటువంటి సినిమాల మధ్య కనబడి నవ్విస్తూ మాట్లాడేవాడు. మరునాటి ఆరాధనలో ఎందరు ఆవులించారో ఆ ఊరి పాస్టర్లనే అడగాలి!

ఆ ఊరివారే కొందరు కలిసి సుమారు 1,14,000 డాలర్లతో ఒక సినిమా తీసి, 1968 అక్టోబరు 1న అక్కడే విడుదల చేశారు. పేరు 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్', దర్శకుడు జార్జ్ రొమేరో. రంగులు లేవు. రక్తానికి చాక్లెట్ పాకం వాడారు. కార్డిల్ కూడా అందులో విలేకరిగా కనబడతాడు. చచ్చినవారు లేచి బ్రతికినవారిని తినడానికి వస్తుంటారు. ఒక పల్లెటూరి ఇంట్లో ఏడుగురు, తలుపులకు కిటికీలకు చెక్కలు కొట్టుకొని తెల్లవారేదాకా బ్రతకాలి. బయటివాటికన్నా లోపలి తగాదాయే వారిని ఎక్కువగా ముంచింది. నేలమాళిగలో దాగుదామని ఒకడు, పైననే ఉందామని మరొకడు. చివరకు మిగిలినది బెన్ అనే నల్లజాతి యువకుడు. తెల్లవారాక, ఆ శవాలను వేటాడుతూ వచ్చిన మనుష్యులు అతడూ శవమేననుకొని కాల్చివేస్తారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగినది ఆ ఏడు ఏప్రిల్‌లోనే. చూచినవారిలో అనేకులకు అదే జ్ఞాపకం వచ్చింది.

పంపిణీదారు సినిమా పేరు మార్చినప్పుడు హక్కుల ప్రకటన తెర మీద లేకుండా పోయింది. దానితో సినిమా ఎవరి సొత్తూ కాకుండా అయింది. తీసినవారికి నష్టమే గాని, ఎవరైనా వేసుకోవచ్చు గనుక ఇది అర్ధరాత్రి ఆటలకూ టెలివిజన్‌కూ ఎక్కి ఏండ్ల తరబడి ఆడింది. ఇలా కొద్దిమంది అభిమానులు మళ్ళీ మళ్ళీ చూచి నిలబెట్టుకొన్న చిత్రాలను కల్ట్ సినిమాలంటారు. మన సంఘాలలో కల్ట్ అంటే దుర్బోధ. ఇక్కడ ఆ అర్థం కాదు, కంగారుపడవద్దు. తెలుగులో 1992లో వచ్చిన రామ్ గోపాల్ వర్మ 'రాత్రి'కి కూడా అటువంటి అభిమానులున్నారు.

మా సంఘంలోని ఒక కుటుంబంవారు తమ కుమారుని మా యొద్దకు తీసుకొని వచ్చారు. పట్నంలో రాత్రి షిఫ్టు చేసి, ఆ పని పోయి ఇల్లు చేరిన అబ్బాయి. నాలుగు నెలలుగా రాత్రులు నిద్ర లేదు. శవాలు లేచే సినిమాలు చూస్తున్నాడు, వీడికి దురాత్మ పట్టింది, వెళ్ళగొట్టండి అని తల్లి ఒకటే ఏడ్పు. ప్రార్థన చేశాము. తరువాత, ఏమి చూస్తున్నావు బాబూ అని అడిగాము. అంతవరకు ఎవరూ అడగలేదట. పైన చెప్పిన సినిమానే చూపించాడు. పట్టపగలు కూర్చుని మేమూ చూచాము. "అయ్యగారూ, ఊరంతా నిద్రపోతుంటే నేనొక్కణ్ణే మేలుకొని ఉన్నట్టుంటుంది. ఆ ఇంట్లో అందరూ మేలుకొనే ఉంటారు గదా" అన్నాడు. పోయిన ఉద్యోగం, తీరని అప్పు రాత్రంతా నమిలినా ముగియవు. ఈ భయమైతే గంటన్నరలో ముగుస్తుంది. ఇది దయ్యం పని అని మాకు తోచలేదు.

చిన్నపిల్లల సంగతి వేరు. ఈ సినిమా వచ్చేనాటికి అమెరికాలో, ఏ సినిమా ఏ వయస్సువారికో తెలిపే గుర్తులు ఇంకా లేవు. అవి మరుసటి నెల వచ్చాయి. రోజర్ ఈబర్ట్ అనే విమర్శకుడు పిల్లల మధ్య కూర్చుని చూచి, మొదట సరదాగా కేకలు వేసినవారే తరువాత నోరు మెదపలేదనీ, ఒక చిన్న పాప ఏడ్చిందనీ వ్రాశాడు.

పెద్దవారికైనా ఇది తోడే గాని మందు కాదు. నిద్రను పిలిచే మెలటోనిన్ అనే హార్మోను తెర వెలుగుకు ఆలస్యమవుతుంది. భయం గుండెను వేగపరుస్తుంది. మంచం మీద గంటల కొద్దీ మేలుకొని ఉంటే, మంచమంటే మెలకువ అని శరీరం నేర్చుకొంటుంది. అందుకే నిద్ర రానప్పుడు లేచి, మసక వెలుతురులో నెమ్మదైన పని ఏదైనా చేసి, కండ్లు మూతలు పడినప్పుడే పడుకోవాలనీ, రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవాలనీ వైద్యులు చెబుతారు. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర లేకపోతే అది చికిత్స చేయవలసిన జబ్బు. ఆ అబ్బాయికి నాలుగు నెలలు! డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళండి అన్నాము. ఫోను లాక్కోమంటారా అని తండ్రి అడిగాడు. రాత్రి వేరే గదిలో పెట్టించండి, సినిమా పగలు చూడనియ్యండి, వీలైతే మీరూ ప్రక్కన కూర్చోండి అన్నాము.

తల్లి కూర్చుందట. ఆ ఆదివారం ఆరాధన కాగానే వచ్చి, "రాత్రంతా అంత కష్టపడి బ్రతికిన పిల్లవాణ్ణి, పలకరించకుండానే ఎందుకు కాల్చారయ్యగారూ?" అని అడిగింది.