గొల్లభామ వెంట వచ్చిన కోటయ్య

పల్నాడు జిల్లా కేంద్రమైన నరసరావుపేటకు చేరువలో త్రికూటాచలం ఉంది. ఏ దిక్కు నుంచి చూసినా బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు మూడూ గోచరిస్తాయి. జనుల నోట అదే కోటప్పకొండ. శివుడు తొలుత కొలువుదీరింది రుద్రశిఖరం మీద. నేడు మనం త్రికోటేశ్వరుణ్ణి దర్శించుకునేది బ్రహ్మశిఖరంపై. స్వామి చోటు మారడానికి ఒక గొల్లభామ కారణమని స్థలపురాణం.

ఆమె పేరు ఆనందవల్లి. నిత్యం రుద్రశిఖరమెక్కి స్వామిని అర్చించేది. గర్భవతి అయ్యాక కూడా నియమం తప్పలేదు. నెలలు నిండుతుండగా ఇక ఎక్కలేక, దిగి రమ్మని స్వామినే వేడుకుంది. పరమేశ్వరుడు సరేనన్నాడు. నీవు ముందు నడువు, నేను వెనుక వస్తాను, తిరిగి మాత్రం చూడవద్దన్నాడు.

కళ్లెదుట నడిచే దైవాన్ని అనుసరించడం సులభం. వెనుక వస్తున్నానన్న మాటనే ఊతగా చేసుకొని, కడుపులో బిడ్డతో ఆ రాళ్లదారిన దిగడం సామాన్యమా? బ్రహ్మశిఖరం చేరేసరికి వెనుక భీకర ధ్వనులు వినవచ్చాయి. భయంతో ఆమె తిరిగి చూసింది. స్వామి అక్కడే గుహలో లింగరూపుడై నిలిచిపోయాడు.

తిరిగి చూడడం ఆమె దోషమనేవారున్నారు. అంతవరకు ఆమె నడిచిన దూరాన్ని వారు లెక్కించరేమో! నియమం చెడిందని శివుడు రుద్రశిఖరానికి మరలిపోలేదు కదా. ఆమె వచ్చినంత మేర తానూ వచ్చాడు. పైన పాత కోటయ్య గుడి నేటికీ ఉంది. ఆనందవల్లికీ కొండపై ఆలయం వెలసింది. మహాశివరాత్రికి చుట్టుపక్కల గ్రామాలవారు ఎత్తైన ప్రభలు కట్టుకొని తరలివచ్చేది ఈ కొండ చెంతకే.