బొగ్గు నేల మీద రాతి ఖిల్లా

గోదావరిఖని నుంచి మంథని దిక్కుగా పోతుంటే రెండు రకాల గుట్టలు కనబడతాయి. ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు కోసం తవ్విపోసిన మట్టిగుట్టలు ఒక రకం. ఇక్కడి కార్మికుల కళ్ల ముందే పెరిగాయవి. రెండోది రామగిరి. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలుపెట్టిన సింగరేణి, నూరేళ్లు నిండిన గుర్తుగా పేరు పెట్టుకున్న సెంటినరీ కాలనీకి పొరుగునే, బేగంపేట ఊరి వెనక ఆ కొండ నిలబడి ఉంటుంది. పైన ఖిల్లా, ఖిల్లాలో సీతారాముల గుడి.

చెట్ల మధ్య రాళ్లు తొక్కుకుంటూ ఎక్కాలి. దర్వాజాలు దాటాలి, ప్రాకారాల వెంట నడవాలి. బురుజులు, ఫిరంగులు ఇంకా ఉన్నాయి. నన్ను ఎక్కువసేపు నిలబెట్టేవి మాత్రం నీటి గుండాలు. గోడ ఎంత బలమైనదైనా, ముట్టడి నెలల తరబడి సాగితే లోపలివాళ్లను బతికించేది వాననీరే. వనవాసంలో సీతారాములు ఇక్కడ ఆగారని స్థలపురాణం. ఆ కథ, ఈ నీళ్లు కలిసే కొండను క్షేత్రం చేశాయి.

ఈ సీమలో కోటల చరిత్ర చాలా వెనక్కి పోతుంది. ఆంధ్రులకు 30 ప్రాకార నగరాలున్నాయని గ్రీకు రాయబారి మెగస్తనీసు సమాచారం ఆధారంగా రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. ఇదే పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట మట్టికోట ఆ 30లో ఒకటని నమ్మే పరిశోధకులున్నారు. ఇక హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి కాకతీయ రుద్రదేవుని శాసనం, ఆయన తండ్రి రెండో ప్రోలరాజు మంత్రకూటం గుండరాజును ఓడించాడని చెబుతుంది. మంత్రకూటమంటే మన మంథనేనని పలువురి అభిప్రాయం. 1323లో కాకతీయులు కూలాక బహమనీలు, ఆపై గోల్కొండ కుతుబ్‌షాహీలు ఈ ప్రాంతాన్ని ఏలారు.

గ్రీసులోని రోడ్స్ దీవిలో లిండోస్ కొండ ఉంది. ఎథీనా దేవత గుడి చుట్టూ మధ్యయుగపు యోధులు కట్టిన కోటగోడ అక్కడ చూడొచ్చు. గుడీ కోటా ఒకే శిఖరాన ఉండటం వరకు రామగిరికి అది తోబుట్టువే. కానీ లిండోస్‌లో పూజ ఆగిపోయి శతాబ్దాలైంది. రామగిరిలో రాజులు పోయారు, దేవుడు మిగిలాడు. శ్రావణమాసంలో జనం సద్దులు కట్టుకుని, పిల్లలను ఎత్తుకుని ఎక్కుతారు. ఔషధ మొక్కలను వెతుక్కుంటూ వృక్షశాస్త్రం, ఆయుర్వేదం చదివే విద్యార్థులు వస్తారు. ఈ సీమలో భూమి లోపలి బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి. పైన ఇంకా చిగురిస్తున్న అడవి ఇది.

బొగ్గుబాయి పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లతో నిండిన పట్నం గోదావరిఖని. అక్కడ పుట్టిన పిల్లలకు ఇంత పాత పొరుగు ఉండటం గొప్ప భాగ్యం. తెలంగాణలో ఎన్నో కోటలను గుప్తనిధుల పిచ్చితో గడ్డపారలు కుళ్లబొడిచాయి. ఆ గతి రామగిరికి పట్టకూడదు. భూమి లోపల అడుగడుగూ కొలిచి పటం గీసే సర్వేయర్లు సింగరేణిలో ఉన్నారు. వాళ్ల పనితనం ఒక్కసారి కొండెక్కాలి. ప్రతి దర్వాజా, బురుజు, గుండం కొలతలతో పటం తయారు కావాలి. దాని ప్రతులు గోదావరిఖని, మంథని బళ్లలో గోడలకు వేలాడాలి.