సరిహద్దు దాటితే క్యాన్సర్ తగ్గుతుందా?



ఈసారి మేము రాయబోయేది మనసుకు కొంచెం కష్టం కలిగించే సంగతి. రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం రిటైరైన మాస్టారు ఒకరు మా గదికి వచ్చారు. ఆయన భార్యకు రొమ్ములో గడ్డ వచ్చింది. ముక్క తీసి పరీక్ష చేయిస్తే క్యాన్సర్ అని, రెండో దశలో ఉందని తేలింది. గడ్డ చిన్నదయ్యాక ఆపరేషను చేద్దామని డాక్టరుగారు ముందు కీమో మొదలుపెట్టారు. మొదటి కీమోకే జుట్టు రాలింది, నోరు పూసింది, అన్నం సహించలేదు. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో తల్లిని చూసి ఏడ్చాడట. వారం తిరక్కుండా మెక్సికోలోని ఒక క్లినిక్ వివరాలు పంపించాడు.

మాస్టారు ఆ కాగితాలు మా బల్లమీద పరిచి, "సిస్టరుగారూ, డాక్టరుగారిని అడగడానికి మొహమాటంగా ఉంది. ఇదేమన్నా పనిచేస్తుందంటారా?" అన్నారు. మాకు అప్పుడు వార్డు రౌండు టైము. "ఇలాంటివి నమ్మకండి మాస్టారూ" అని ఒక్క మాట చెప్పి లేచిపోయాము.

వాళ్ళు వెళ్ళారు. రెండెకరాల పొలం అమ్మారు. మూడు వారాలు అక్కడ ఉండి, ఒక సూట్‌కేసు నిండా సీసాలు, పొడులు తెచ్చుకొని, ఇంట్లోనే ఆ పథ్యం పాటించారు. ఐదు నెలల తర్వాత వీల్‌చైరులో మా క్యాజువాలిటీకి వచ్చేసరికి గడ్డ పుండైంది, వెన్నెముకకు కూడా పాకింది. ఆ రోజు మాస్టారు మమ్మల్ని తిట్టలేదు. "ఆ సాయంత్రం కూర్చోబెట్టి కాస్త వివరంగా ఎందుకు చెప్పలేదమ్మా?" అని మాత్రం అడిగారు. అప్పుడు చెప్పవలసినది ఇప్పుడు రాస్తున్నాము. ఆ అమ్మగారే "రాయండి, పేరు మాత్రం వద్దు" అన్నారు.

అక్కడ ఇచ్చేది ఏమిటి?

అమెరికాలో శాన్ డియాగో ఊరు దాటితే సరిహద్దు అవతల మెక్సికోలో తిహువానా అనే పట్టణం ఉంది. అమెరికాలో అమ్మడానికి వీలులేని క్యాన్సర్ చికిత్సలు చాలావరకు అక్కడికి చేరాయి. అమెరికా ప్రభుత్వం 1960లో నిషేధించిన హాక్సీ కషాయం 1963లో అక్కడికే వెళ్ళింది. ఆ కషాయాన్ని ప్రచారం చేసిన హాక్సీకి 1967లో ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. తన కషాయంతో తగ్గక, చివరికి ఆయన కూడా ఆపరేషను చేయించుకున్నాడు. క్లినిక్కులవారు ఇచ్చే కాగితాలలో ఈ సంగతి ఉండదు.

మాస్టారు తెచ్చిన కాగితాలలో పెద్ద అక్షరాలతో ఉన్నది "విటమిన్ బి17". ఇది విటమిన్ కానే కాదు. ఆప్రికాట్ గింజల లోపలి పప్పులోనూ, చేదు బాదంలోనూ ఉండే అమిగ్డాలిన్ అనే పదార్థం. దాన్నే కొద్దిగా మార్చి లేట్రిల్ అనే పేరుతో అమ్మారు. మన హైదరాబాదు వారు ఖుబానీ కా మీఠా మీద గింజ పగులగొట్టి పప్పు వేస్తారు కదా, మరి ప్రమాదం ఏమిటని అడగవచ్చు. వంటలో వేసేది మామూలుగా తియ్యని పప్పు. మందు పేరుతో తినిపించేది చేదు రకం, అదీ రోజూ. చేదు పప్పు కడుపులోకి వెళ్ళాక సైనైడ్ విడుదలవుతుంది. చిన్న సైజు పచ్చి చేదు పప్పులు ఒకేసారి మూడుకు మించి తింటే పెద్దవారికే సురక్షిత పరిమితి దాటవచ్చని 2016లో యూరప్ ఆహార భద్రతా సంస్థ హెచ్చరించింది. క్యాన్సర్ కోసం తినేవారు అంతకు ఎన్నో రెట్లు తింటారు.

దీన్ని ఎవరూ పరీక్షించలేదని, మందుల కంపెనీలు తొక్కిపెట్టాయని కూడా ఆ కాగితాలలో ఉంది. అది నిజం కాదు. అమెరికాలో మేయో క్లినిక్ మొదలైన పెద్ద ఆసుపత్రులలో 178 మంది రోగులకు లేట్రిల్ ఇచ్చి చూశారు. మందుతోపాటు ఆ క్లినిక్కులు చెప్పే పథ్యం, ఎంజైములు, విటమిన్లు కూడా ఇచ్చారు. ఫలితాలు 1982లో అచ్చయ్యాయి. రోగం నయం కాలేదు, పెరగకుండా ఆగలేదు, ఆయుష్షు పెరగలేదు. కొందరి రక్తంలో సైనైడ్ ప్రమాదకరమైన స్థాయికి చేరింది. అంటే నలభై ఏళ్ళకు పైగా జవాబు తెలిసిన ప్రశ్న ఇది.

రెండవది గెర్సన్ పద్ధతి. మాక్స్ గెర్సన్ జర్మనీ నుంచి అమెరికా వచ్చిన డాక్టరు. ఆయన 1959లో చనిపోయారు, 1977లో ఆ పేరుమీద తిహువానాలో క్లినిక్ పెట్టారు. గంట గంటకూ పండ్ల రసాలు, కూరగాయల రసాలు, ఉప్పు లేని తిండి, రోజుకు పలుమార్లు కాఫీతో ఎనిమా. ఎనిమా ఇవ్వడం మా నర్సులకు నిత్యం ఉండే పనే కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాటిమాటికీ ఎనిమా ఇస్తే ఒంట్లోని లవణాలు తారుమారవుతాయి, ముఖ్యంగా పొటాషియం. అది బాగా పడిపోతే గుండె లయ తప్పుతుంది. కాఫీ ఎనిమాల తర్వాత మరణాలు సంభవించినట్లు వైద్య పత్రికలలో నమోదై ఉంది. మా అమ్మగారు కూడా తిరిగి వచ్చినప్పుడు కాళ్ళు నిలవక, నీరసంతో మాట పెగలని స్థితిలో ఉన్నారు. పుండుకు డ్రెస్సింగ్ చేయకముందే పొటాషియం ఎక్కించవలసి వచ్చింది.

మెక్సికోలోనే ఇలా జరుగుతుందని అనుకోవద్దు. జర్మనీ అంటే మనకు గౌరవం. ఆ దేశంలోనే బ్రూగెన్ అనే చోట 2016లో ఒక ప్రత్యామ్నాయ కేంద్రంలో, ఇంకా ప్రయోగశాల దశ దాటని ఒక పదార్థం ఎక్కించిన కొద్ది రోజుల్లోనే ముగ్గురు క్యాన్సర్ రోగులు చనిపోయారు. ముగ్గురూ పొరుగు దేశాలనుంచి ఆశతో వచ్చినవారే. మోతాదు తప్పింది. ఆ కేంద్రం నడిపినతను డాక్టరు కాదు. 2019లో కోర్టు అతన్ని దోషిగా తేల్చింది.

పేరున్నవారు కూడా వెళ్ళారు

చదువు లేనివారు మోసపోతారని కొందరు తేలికగా అంటారు. మాకు ఆ మాట నచ్చదు. మార్టిన్ లూథర్ కింగ్ గారి పేరు మన సంఘాలలో తెలియనివారు తక్కువ. ఆయన భార్య కొరెట్టా స్కాట్ కింగ్ 1959లో భర్తతో కలిసి మన దేశం కూడా వచ్చి వెళ్ళారు. అండాశయపు క్యాన్సర్ ముదిరిపోయాక 2006 జనవరిలో ఆమెను మెక్సికోలో రోసరీటో బీచ్ అనే చోట ఒక క్లినిక్కుకు తీసుకువెళ్ళారు. వెళ్ళిన కొద్ది రోజులకే, జనవరి 30న, అక్కడే కన్నుమూశారు. ఆమె వయస్సు 78. అనుమతి లేని చికిత్సలు చేస్తున్నారని ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే మెక్సికో అధికారులు ఆ క్లినిక్కును మూసివేశారు. హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ కూడా లేట్రిల్, కాఫీ ఎనిమాల వైద్యం కోసం 1980లో మెక్సికో వెళ్ళి, ఆ ఏడాది నవంబరులో అక్కడే మరణించాడు. అప్పటికి 50 ఏళ్ళు.

వీరిద్దరికీ మామూలు వైద్యంలో కూడా పెద్ద ఆశ లేదు. ఆ మాట ఒప్పుకోవాలి. అయితే చివరి రోజులు సొంత ఇంట్లో, తనవారి మధ్య, నొప్పి లేకుండా గడిచే వీలు ఉంటుంది కదా. నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం వాడితే అలవాటైపోతుందని భయపడనక్కరలేదు.

మా అమ్మగారి సంగతి వేరు. ఆమెది రెండో దశ. వైద్యానికి లొంగే దశ. 2018లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వారు అచ్చువేసిన ఒక పరిశోధన ఉంది. దూరపు అవయవాలకు పాకని క్యాన్సర్ ఉండి, మామూలు వైద్యం వద్దని ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని, మామూలు వైద్యం చేయించుకున్నవారితో పోల్చారు. చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. రొమ్ము క్యాన్సర్‌లో అయితే ఐదున్నర రెట్లు దాటింది. వీరంతా విదేశీ క్లినిక్కులకు వెళ్ళినవారు కారు, రకరకాల ప్రత్యామ్నాయాలు పట్టుకున్నవారు. పోగొట్టుకున్నది మాత్రం అందరూ ఒకటే, సమయం.

సాక్ష్యాల మాట

మన సంఘాలలో సాక్ష్యానికి విలువ ఎక్కువ. ఆ క్లినిక్కులవారు చూపించేవి కూడా సాక్ష్యాలే. "నన్ను డాక్టర్లు వదిలేశారు, ఇక్కడ బాగుపడ్డాను" అని ఒక నవ్వు ముఖం. ఆదివారం చెప్పే సాక్ష్యాన్ని మేము ప్రశ్నించము. మందుకు సాక్ష్యం చెప్పేవారిని మాత్రం నాలుగు ప్రశ్నలు అడగాలి. ముక్క పరీక్షలో నిజంగా క్యాన్సర్ తేలిందా? అక్కడికి వెళ్ళేముందే ఆపరేషనో, కరెంటు పెట్టడమో జరిగిందా? బాగుపడ్డానని చెప్పి ఎన్నేళ్ళయింది? ఆ నెలలో ఆయనతోపాటు చేరిన మిగతావారు ఎక్కడున్నారు? చనిపోయినవారు సాక్ష్యం చెప్పడానికి రారు.

మూలికలకు మేము శత్రువులము కాము. హిజ్కియా రాజు పుండుకు యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద వేయించిన సంగతి మీకు తెలుసు. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరునుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు వచ్చాయి. పిల్లల రక్త క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ ముఖ్యమైన మందు. తేడా ఎక్కడంటే, ఆ మొక్కలోని మందును వేరుచేసి, మోతాదు తేల్చి, వందలమంది మీద పరీక్షించి, దుష్ఫలితాలు కూడా రాసిపెట్టారు. ఆకు నూరి తాగితే మాత్రం విషమే, ఎవరూ ఆ ప్రయత్నం చేయవద్దు.

కొత్త మందును పరీక్షించే నిజమైన ప్రయోగాలు మన దేశంలోనూ జరుగుతాయి. అక్కడ ఎథిక్స్ కమిటీ ఉంటుంది, మీ భాషలో అంగీకార పత్రం చదివి వినిపిస్తారు, పరీక్షించే మందుకు సాధారణంగా డబ్బు తీసుకోరు. ముందుగా మొత్తం డబ్బు కట్టించుకొని, ఫలితాలు ఎక్కడా అచ్చువేయకుండా, అన్ని రకాల క్యాన్సర్లకూ ఒకే మందు అని, మీ డాక్టరుతో చెప్పవద్దని ఎవరైనా అంటే అది ప్రయోగం కాదు, వ్యాపారం.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ క్లినిక్కులో మా అమ్మగారితో రోజూ ఒక మనిషి గంటసేపు కూర్చొని మాట్లాడేవారట. చేయి పట్టుకొని ప్రార్థన కూడా చేశారట. మన ఓపీలో ఐదు నిమిషాలు దొరకడం గగనం. వాంతులు తగ్గడానికి మంచి మందులు ఉన్నాయని, రాలిన జుట్టు మళ్ళీ వస్తుందని, కీమో మోతాదు సర్దవచ్చని ఆ మొదటి వారంలో మేము సరిగా చెప్పి ఉంటే కొడుకు అంత బెదిరిపోయేవాడు కాడేమో. రక్తస్రావముతో బాధపడిన స్త్రీ తనకున్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టిందని సువార్తలో చదివినప్పుడల్లా ఇప్పుడు మాకు ఆ రెండెకరాలు గుర్తుకు వస్తాయి.

కాబట్టి ఎవరైనా ఇలాంటి కాగితం మీ చేతిలో పెడితే, పొలం బేరం పెట్టకముందు మా దగ్గరకు తీసుకురండి. మొదలుపెట్టిన కీమో మాత్రం ఆపకండి. కషాయమో, పొడో వాడుతుంటే దాచవద్దు, కొన్ని కీమో మందులతో పడవు. రెండో అభిప్రాయం కావాలంటే వేలూరు, హైదరాబాదులోని ఎం.ఎన్.జె., విశాఖలోని హోమీ భాభా ఆసుపత్రులకు ఉత్తరం రాసిస్తాము. డాక్టరుగారు ఏమీ అనుకోరు. డబ్బు ఇబ్బందైతే ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ వైద్యం ఉంది, కార్డు వెంట తెచ్చుకోండి.

బుధవారం మధ్యాహ్నం రెండు గంటలనుంచి మా గదిలో ఇందుకోసమే ఒకరం కూర్చుంటున్నాము. ముక్క పరీక్ష రిపోర్టు, స్కానింగులు, ఆ క్లినిక్ పంపిన కాగితాలు అన్నీ తీసుకురండి. విదేశాలలో ఉన్న పిల్లలతో ఫోనులో మాట్లాడమన్నా మాట్లాడతాము. మాస్టారు కూడా కొన్ని బుధవారాలు వచ్చి కూర్చుంటున్నారు.