తేలిక రివాల్వర్: తక్కెడ చెప్పని లెక్క

అమెరికాలో కొండదారులు పట్టి నడిచేవాళ్లకు బరువంటే పెద్ద పట్టింపు. జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ ట్రెయిల్‌ను ఆ చివరి దాకా నడవాలనుకునేవాళ్లు టూత్‌బ్రష్ కాడను సైతం సగానికి కోసేస్తారు. గుడారాన్ని, దుప్పటిని గ్రాముల్లో తూచి కొంటారు. తిండీ నీళ్లూ పక్కన పెడితే వీపు మీది సంచీ నాలుగున్నర కిలోలు దాటకూడదన్నది వాళ్లలో తేలికవాదుల నియమం. ఇలాంటివాళ్లలో కొందరు ఎలుగుబంటికో, పాముకో, ఒంటరి దారిలో ఎదురయ్యే దుర్మార్గుడికో జడిసి చిన్న తుపాకీ వెంట పెట్టుకోవాలనుకుంటారు. గుడారం కొన్నప్పుడు అడిగిన ప్రశ్నే తుపాకుల దుకాణంలోనూ అడుగుతారు: అన్నిటికన్నా తేలికైనది ఏది? అక్కడే దారి తప్పుతున్నారని నా అభిప్రాయం. గుడారం తేలికైతే మోసేవాడికి సుఖం, పడుకున్నప్పుడు మహా అయితే కాస్త ఇరుకు. రివాల్వర్ సంగతి వేరు. మోసేటప్పుడు మిగుల్చుకున్న బరువుకు పేల్చేటప్పుడు వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది. తీరా కట్టాల్సి వచ్చేది ప్రాణం మీదికి వచ్చిన ఆ రెండు మూడు సెకన్లలోనే.

ఈ తేలికదనం ఎలా వచ్చిందో ముందు చూద్దాం. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1950లో చీఫ్స్ స్పెషల్ అనే ఐదు తూటాల చిన్న రివాల్వర్‌ను తెచ్చింది. అది పూర్తిగా ఉక్కు. బరువు అర కిలోకు కాస్త పైన. రెండేళ్లకే చట్రాన్ని అల్యూమినియంతో చేసి ఎయిర్‌వెయిట్ అన్నారు. ఆ కుదురులోనిదే నేటి 642 మోడల్, సుమారు 410 గ్రాములు. ఆ తర్వాత సిలిండర్‌కు టైటానియం వచ్చింది. అల్యూమినియంలో కాసింత స్కాండియం కలిపితే మాగ్నమ్ అనే ఘాటు తూటా ఒత్తిడిని కూడా తట్టుకునేంత గట్టి చట్రం తయారైంది. ఆ దారిలో పుట్టిన 340పీడీ అనే మోడల్ బరువు సుమారు 335 గ్రాములు, అయినా .357 మాగ్నమ్ తూటాను పేలుస్తుంది. 2009లో రూగర్ కంపెనీ పిడి భాగాన్ని పాలిమర్‌తో చేసి ఎల్‌సీఆర్‌ను తెచ్చింది; .38 స్పెషల్ తూటాకు సరిపడే ఆ రకం 385 గ్రాములకు మించదు. లోహశాస్త్రం సాధించిన విజయాలుగా ఇవన్నీ మెచ్చదగినవే. పైగా అల్యూమినియం, టైటానియం చెమటకూ వానకూ తుప్పు పట్టవు, నడకదారికి అదీ ఒక లాభమే. అయితే లోహం తట్టుకున్నంత మాత్రాన చెయ్యి తట్టుకుంటుందన్న హామీ ఏమీ లేదు.

చెయ్యి సంగతి తేల్చడానికి ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చాలు. తూటా ఎంత ద్రవ్యవేగంతో ముందుకు పోతుందో, అంతే ద్రవ్యవేగంతో తుపాకీ వెనక్కి వస్తుంది. తూటా మారనప్పుడు ఆ ద్రవ్యవేగమూ మారదు. కానీ వెనక్కి వచ్చే వస్తువు బరువు సగమైతే వేగం రెట్టింపవుతుంది; శక్తి వేగ వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక అరచేతికి తగిలే శక్తి కూడా రెట్టింపవుతుంది. బరువు మూడో వంతుకు దిగితే దెబ్బ మూడింతలు. దీన్నే పై మోడళ్లకు పెట్టి చూద్దాం. సుమారు పది గ్రాముల మాగ్నమ్ తూటాను పూర్తి మందుతో పేలిస్తే, తూటాలతో కలిపి 400 గ్రాములుండే రివాల్వర్ 25 నుంచి 30 జౌళ్ల శక్తితో వెనక్కి తన్నుతుంది. అదే తూటాను ఒక కిలోకు పైబడిన ఉక్కు రివాల్వర్‌లో పేలిస్తే ఆ అంకె పది జౌళ్ల దగ్గర ఆగుతుంది. రెండు చోట్లా ముందుకు పోయిన తూటా దాదాపు ఒక్కటే. నిజానికి చిన్న రివాల్వర్ నుంచి కాస్త నెమ్మదిగానే పోతుంది, ఎందుకంటే ఐదు సెంటీమీటర్లయినా లేని గొట్టంలో మందు పూర్తిగా మండే లోపే తూటా బయటపడుతుంది. మిగిలిన మందు గొట్టం బయట మంటగా, చప్పుడుగా వృథా అవుతుంది. ఆ చప్పుడు 160 డెసిబెల్స్ స్థాయిది. 140 దాటితేనే వినికిడికి శాశ్వత హాని జరగొచ్చు. అంటే శక్తి తగ్గింది, దెబ్బ పెరిగింది, చెవులు పోయాయి. బేరం ఎవరి వైపు ఉందో చెప్పనక్కర్లేదు.

వెనక్కి తన్నే దెబ్బ కన్నా తక్కువగా మాట్లాడుకునే సంగతి ట్రిగ్గర్. ఇలాంటి రివాల్వర్‌లో ట్రిగ్గర్‌ను ఒక్కసారి లాగడానికి సుమారు ఐదు కిలోల బలం కావాలి. లాగే వేలు ఐదు కిలోలు, నిలవాల్సిన తుపాకీ మూడొందల చిల్లర గ్రాములు. అంటే తన బరువుకు పదిహేనింతల లాగుడుకు అది కదలకుండా ఉండాలి. ఏడొందల గ్రాముల ఉక్కు రివాల్వర్‌లో ఆ నిష్పత్తి ఏడింతలే. గురి తప్పేది చాలాసార్లు తూటా పేలాక కాదు, పేలకముందే. దానికి తోడు చిన్న గొట్టం మీద ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం తక్కువ కాబట్టి, వెంట్రుకవాసి తేడా కూడా లక్ష్యం దగ్గర జానెడు తేడా అవుతుంది. ఇంకో చిక్కు కొత్తవాళ్లకు అసలు తెలియదు. దెబ్బ మరీ గట్టిగా ఉన్నప్పుడు సిలిండర్‌లో ఇంకా పేలని తూటాల సీసం ముక్కలు తమ గుల్లలోంచి ముందుకు జారతాయి. ఒకటి సిలిండర్ అంచు దాటి బయటికి వచ్చిందంటే అది తిరగదు, రివాల్వర్ బిగుసుకుపోతుంది. ఆటోమేటిక్ పిస్తోలు ఇరుక్కోవచ్చు, రివాల్వర్ ఎప్పుడూ పేలుతుంది అని నమ్మి కొనేవాళ్లు ఈ ఒక్క సంగతైనా తెలుసుకుని కొనాలి.

అంత ఘాటు తూటా ఎందుకు, తేలిక రివాల్వర్‌లో తేలిక తూటాయే వేసుకుంటే పోలేదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. 400 గ్రాముల రివాల్వర్‌లో మామూలు .38 స్పెషల్ వేస్తే దెబ్బ భరించగలిగేంతకు దిగుతుంది, రెండో తూటాకు గురి మళ్లీ కుదురుతుంది. భయం మనిషి గురించే అయితే, అది ఐదారు గజాల లోపలి వ్యవహారం అయితే, ఆ కూర్పును నేను తప్పు పట్టను. కానీ అప్పుడు మాగ్నమ్ పేల్చగల స్కాండియం చట్రానికి ఎక్కువ డబ్బు పోయడంలో అర్థం లేదు. పాముల కోసం చిన్న గుండ్లు నింపిన తూటాలు దొరుకుతాయి, వాటికోసం రివాల్వర్ కావాలనేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో ఏడాదికి ఏడెనిమిది వేల మందిని విషసర్పాలు కాటేస్తే చనిపోయేది ఐదారుగురు. ర్యాటిల్‌స్నేక్ తన ఒంటి పొడవులో సుమారు సగం దూరం వరకే కాటు వేయగలదు. కంటపడిన పాము నుంచి నాలుగు అడుగులు వెనక్కి వేయడానికి ఏ ఆయుధమూ అక్కర్లేదు. కంటపడని పామును ఏ ఆయుధమూ ఆపదు.

అసలు పరీక్ష ఎలుగుబంటి దగ్గరే. అపలాచియన్ దారిలో ఉండేవి నల్ల ఎలుగులు మాత్రమే. భయపడాల్సిన గ్రిజ్లీలు ఎల్లోస్టోన్, గ్లేసియర్ పార్కుల చుట్టుపక్కల, అలాస్కాలో ఉంటాయి. గ్రిజ్లీ గంటకు 56 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు, అంటే 30 మీటర్ల దూరం రెండు సెకన్లు. టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో తదితరులు అలాస్కా ఘటనల మీద రెండు అధ్యయనాలు చేశారు. 2008 నాటి మొదటి దానిలో మిరప ఘాటుతో చేసే బేర్ స్ప్రేను వాడిన 83 ఘటనలు పరిశీలిస్తే, గోధుమరంగు ఎలుగులను 92 శాతం సార్లు, నల్ల ఎలుగులను 90 శాతం సార్లు అది నిలువరించింది. స్ప్రే ఉన్నవాళ్లలో 98 శాతం మందికి గాయాలే కాలేదు. 2012 నాటి రెండో దానిలో 1883 నుంచి 2009 దాకా తుపాకీ ఉన్న 269 ఘటనలు తీసుకున్నారు. చేతి తుపాకులు 84 శాతం, రైఫిళ్లు 76 శాతం ఫలించాయి. తుపాకీ పేల్చినవాళ్లకూ, చేతిలో ఉండి పేల్చనివాళ్లకూ గాయాల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

తుపాకీ పక్షంవాళ్లు ఈ అంకెలను ఒప్పుకోరు. వాళ్ల అభ్యంతరంలో పస ఉంది. స్ప్రే లెక్కలో మీదికి దూకిన ఎలుగులతో పాటు, తిండి వాసనకు కుతూహలంతో వచ్చినవీ ఉన్నాయి. తుపాకీ లెక్కలో ఎక్కువగా రికార్డుకెక్కిన గడ్డు ఘటనలున్నాయి. ఒక్క తూటాతో ఎలుగు పారిపోయిన రోజులను ఎవరు రాసిపెడతారు? కాబట్టి 92ను 84 పక్కన పెట్టి ఎనిమిది శాతం మెరుగు అనేయడం సరికాదు. నేను ఆ అంకెలను ఇంకోలా చదువుతాను. తుపాకీతో గెలిచినవాళ్లలో చాలామంది అలాస్కాలో తుపాకీతో బతికే మనుషులై ఉంటారు, వాళ్ల చేతుల్లోవి పూర్తి బరువు ఆయుధాలై ఉంటాయి. ఏడాదికి ఒక పెట్టె తూటాలైనా కాల్చని బాటసారి, చేతిలో 335 గ్రాముల ఐదు తూటాల బుల్లి తుపాకీ పట్టుకుని ఆ 84 శాతంలో తానూ ఉన్నానని అనుకోవడానికి ఆధారం లేదు. స్ప్రేకు అంత నైపుణ్యం అక్కర్లేదు. ఏడెనిమిది మీటర్ల దాకా మబ్బులా కమ్ముతుంది, సూదిమొన గురి కావాలనదు. గాలి ఎదురైతే ఏం చేస్తారన్నది పాత ప్రశ్న. 2008 అధ్యయనంలో గాలి అడ్డొచ్చిన ఘటనలు 71లో ఐదే. ఆ ఐదింటిలోనూ ఘాటు ఎలుగు దాకా చేరింది.

తేలిక తుపాకీ వద్దన్న నా వాదనకు అన్నిటికన్నా గట్టి జవాబు ఇంకొకటి ఉంది: బరువని ఇంట్లో వదిలేసి వచ్చిన మంచి తుపాకీ కన్నా, నడుముకు ఉన్న తేలిక తుపాకీ నయం. ఈ మాటలో నిజం ఉంది కాబట్టే మరీ బరువైన వాటిని నేనూ సిఫారసు చేయను. కిలోకు పైబడిన .44 మాగ్నమ్‌ను రోజుకు ఇరవై కిలోమీటర్లు మోసేవాళ్లు అరుదు. దాన్ని స్కాండియంతో 700 గ్రాములకు కుదించిన 329పీడీ కూడా ఉంది. దాని దెబ్బకు అనుభవజ్ఞులే రెండో తూటాకు జంకుతారు. అతి తేలికవాటికీ మరీ బరువైనవాటికీ నడుమ, 600 నుంచి 800 గ్రాముల మధ్య, మూడు అంగుళాల గొట్టంతో, పిడి వేళ్లన్నిటికీ ఆనేలా ఉండే .357 రివాల్వర్ ఒక మనిషి మోయగలిగేది, పేల్చగలిగేది కూడా. రూగర్ ఎస్‌పీ101 ఇలాంటిదే. అతి తేలికదానికీ దీనికీ తేడా రెండు గ్లాసుల నీళ్ల బరువు. ఆ బరువు వీపు మీది సంచీలో ఎక్కడైనా తగ్గించుకోవచ్చు. ఎక్కడ పెట్టుకుంటారన్నది బరువు కన్నా ముఖ్యం. సంచీ నడుము పట్టీ కింద ఇరుక్కున్నది, అడుగున బట్టల్లో చుట్టి పెట్టినది రెండు సెకన్లలో చేతికి రావు. ఛాతీ మీద కట్టుకునే హోల్‌స్టర్ అందుకే వచ్చింది, దాని బరువు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక చట్టం. 2010 ఫిబ్రవరి నుంచి అమెరికా జాతీయ పార్కుల్లో తుపాకీ వెంట ఉంచుకోవడం ఆయా రాష్ట్రాల చట్టాలను బట్టి ఉంటుంది; పేల్చడం మాత్రం ఇంకా నేరమే, విజిటర్ సెంటర్లలోకి తీసుకెళ్లడమూ నేరమే. అపలాచియన్ దారిలో ఒక రాష్ట్రంలో చెల్లే అనుమతి న్యూజెర్సీలో గానీ న్యూయార్క్‌లో గానీ చెల్లదు. విచిత్రం ఏమిటంటే, ఎల్లోస్టోన్ వెంట పెట్టుకోమని చెప్పే బేర్ స్ప్రేనే యోసెమిటీ నిషేధించింది. ఇంకో విచిత్రం, తూటాలు తీసి తాళం వేసిన పెట్టెలో తుపాకీ విమానం ఎక్కుతుంది, స్ప్రే డబ్బా ఎక్కదు. అక్కడి మన తెలుగువాళ్లు గుర్తుంచుకోవాల్సింది వేరే ఉంది. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోవడం సమాఖ్య నేరం. స్నేహితుడిది కాసేపు సంచీలో మోసినా అంతే. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నాయి గానీ, పొరపాటు జరిగితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే కారణం కావచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. మన దేశంలో అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, లైసెన్సు ఉన్నా సరే, రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టకూడదు.

అర్హత ఉండి కొనాలనుకునేవాళ్లకు అమెరికాలో ఒక సదుపాయం ఉంది: చాలా షూటింగ్ రేంజిలు తుపాకులను అద్దెకిస్తాయి. తేలికదాన్నీ, మధ్యరకందాన్నీ రెంటినీ తీసుకుని, దారిలో ఏ తూటా పెట్టుకుంటారో అదే వేసి, ఏడు గజాల నుంచి ఐదేసి తూటాలు ఆరేడు సెకన్లలో కాల్చి చూడాలి. లెక్కపెట్టాల్సింది మొదటి తూటా ఎక్కడ పడిందని కాదు, నాలుగోదీ ఐదోదీ కాగితం మీద ఉన్నాయా లేవా అని. తేలికదాంతోనూ ఐదూ ఒక అరచేయంత మేర పడితే నిశ్చింతగా దాన్నే కొనుక్కోవచ్చు.